ఎక్స్‌పర్ట్ టాక్‌లో ఏం వినాలి, ఏం అడగాలి?

ప్రశ్న: నమస్కారం సార్. నేను విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది గాజువాక. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈ సెమిస్టర్ నుంచి మా డిపార్ట్‌మెంట్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం కంప్యూటింగ్, ఎలక్ట్రానిక్స్‌లో కొత్తగా వస్తున్న వాటి మీద ఎక్స్‌పర్ట్ టాక్స్ పెడుతున్నారు. ఒక వారం వీఎల్ఎస్ఐ (చిప్‌ల డిజైన్), ఒక వారం క్వాంటమ్ కంప్యూటింగ్, ఇంకో వారం ఇంకేదో. అటెండెన్స్ ఉంది కాబట్టి అందరం వెళ్తాం. మొదటి పది నిమిషాలు అర్థమవుతుంది, ఆ తర్వాత ఫోన్ తీస్తాం. చివర్లో ఫొటో, సర్టిఫికెట్. ఫైల్ లావెక్కుతోంది కానీ ఎవరైనా అడిగితే ఒక్క ముక్క చెప్పలేను. వచ్చే టాక్ ఏఐ హార్డ్‌వేర్ మీద. ప్రశ్న అడగడం, వోట్ ఆఫ్ థ్యాంక్స్ చెప్పడం నాకు అప్పజెప్పారు. భయంగా ఉంది. మా నాన్నగారికి టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు ఉంది. ‘ఏటమ్మా ఆ టాకులు, శనివారం జావా కోర్సుకెళ్తే ఉద్యోగమైనా వస్తాది కదా’ అంటున్నారు. ఈ టాక్‌ల వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఎలా వినాలి? ఏం అడగాలి?
– ఎస్., గాజువాక

సమాధానం:

అమ్మా ఎస్.,

పది నిమిషాలు దాటాక అర్థం కాకపోవడం నీ ఒక్కదాని ఇబ్బంది అనుకోకు. ముందు వరసలో తలాడిస్తూ కూర్చునేవాళ్లలో సగంమందిది అదే పరిస్థితి, లెక్చరర్లలో కొందరితో సహా. వాళ్లకు తలాడించడం అలవాటైపోయింది, నీకింకా కాలేదు.

సర్టిఫికెట్ల సంగతి ముందే తేల్చేద్దాం. వాటికి బయట విలువ లేదు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లో ఎన్‌బీఏ వాళ్లో వచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్ ఫైల్లో చూపించుకోవడానికి ఆ ఫొటోలు, ఆ సంతకాలు పనికొస్తాయి. ఇంటర్వ్యూలో నీ ఫైల్ తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. టాక్ వల్ల నీకు మిగిలేదేదైనా ఉంటే అది నీ నోట్‌బుక్కులో ఉండాలి.

నేను ఆ హాల్లో రెండు వైపులా కూర్చున్నవాణ్ని. చెప్పేవాళ్ల గుట్టు కాస్త విప్పుతాను. పిలుపు వచ్చేది ఆఖరి వారంలో. సర్క్యులర్‌లో టైటిల్ ఆకాశమంత ఉంటుంది. ఆయన ఎక్కడో కాన్ఫరెన్స్ కోసం చేసుకున్న స్లైడ్లు తీసి, పిల్లలకు కదా అని ముందు ఓ పది అతికిస్తాడు: మూర్ సూత్రం గ్రాఫు (చిప్‌లో పట్టే ట్రాన్సిస్టర్లు రెండేళ్లకోసారి రెట్టింపవుతాయన్నది), ఒక మెదడు బొమ్మ, ఒక రోబో బొమ్మ. నీకు అర్థమయ్యే పది నిమిషాలు అవే. చివరి స్లైడ్లు ఆయన పేపర్ల జాబితా, ల్యాబ్ ఫొటోలు. అసలు సరుకు మధ్యలో, సరిగ్గా నువ్వు ఫోన్ తీసే చోట ఉంటుంది.

ఆ మధ్యభాగంలో చెవి పెట్టాల్సింది ఒక్కదాని మీదే: ఏం సాధించారో తర్వాత చూసుకుందాం, ముందు వాళ్లకు ఏది అడ్డొచ్చింది? మన రంగంలో ఏ కొత్త సంగతీ ఊరికే పుట్టలేదు. ఎక్కడో వేడి ఎక్కువైంది, దూరం ఎక్కువైంది, తప్పులు ఎక్కువయ్యాయి, లేదా డబ్బు చాల్లేదు. అడ్డు ఏమిటో తెలిస్తే స్లైడ్లో ఉన్న పరిష్కారం సగం నీకే తడుతుంది. అది తెలియకపోతే ఎంత గొప్ప పరిష్కారమైనా పేర్ల జాబితాలాగే వినిపిస్తుంది.

నీకు తెలిసిన దానితోనే మొదలుపెడతాను. డ్యూయల్ కోర్, క్వాడ్ కోర్ అని ఎందుకు వచ్చాయి? 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక లెక్క కట్టారు (మన ర్యామ్‌లో ఉండే ఒకే ట్రాన్సిస్టర్ మెమరీ సెల్ కనిపెట్టిందీ ఈయనే). ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తూ వోల్టేజ్‌ని కూడా అదే వంతున తగ్గిస్తే, ఒక చదరపు మిల్లీమీటరులో పుట్టే వేడి మారదు. అంటే అదే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు కుక్కినా, అదే వంతున వేగం పెంచినా చిప్ మాడిపోదు. ముప్పై ఏళ్లపాటు కంపెనీలన్నీ ఈ లెక్క మీదే బతికాయి. 2005 ప్రాంతానికి వచ్చేసరికి వోల్టేజ్ ఇక తగ్గనంది. ఇంకా తగ్గిస్తే ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ కూడా కరెంటు కారుస్తుంది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ ఆలోచన మానుకుంది. వేగం పెంచలేక కోర్ల సంఖ్య పెంచారు. ‘మల్టీకోర్ విప్లవం’ అని స్లైడ్ మీద పడినప్పుడు దాని వెనక వేడి ఉందని తెలిసినవాళ్లకే ఆ స్లైడ్ అర్థమవుతుంది.

ఇప్పుడు నీ శనివారం టాక్‌కి వద్దాం. ఏఐ హార్డ్‌వేర్. ఇక్కడ అడ్డొచ్చిందేమిటి? లెక్కలు చేయడం కష్టం కాబట్టి ఇంత పెద్ద చిప్‌లు కావాలనుకుంటారు చాలామంది. లెక్క చేయడం చవక. ఆ లెక్కకు కావాల్సిన అంకెను మెమరీ నుంచి తెచ్చుకోవడమే ఖరీదు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఎస్‌ఎస్‌సీసీ అనే సదస్సులో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ ఇచ్చిన ప్రసంగంలో ఒక పట్టిక ఉంది. ఏఐ చిప్‌ల మీద మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దాన్ని వాడుతుంటారు. 45 నానోమీటర్ల టెక్నాలజీలో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ కూడిక ఒకటికి ఖర్చయ్యే శక్తి సుమారు 0.9 పికోజౌల్ (జౌల్‌లో లక్ష కోట్లో వంతు పికోజౌల్). చిప్ బయట ఉన్న డీర్యామ్ (మామూలు ర్యామ్ మెమరీ) నుంచి 64 బిట్లు చదవడానికి 1,300 నుంచి 2,600 పికోజౌల్స్. ఎంవీపీ కాలనీలో పప్పు వండుతూ ఉప్పుకోసారి, పసుపుకోసారి ఆటో ఎక్కి పూర్ణా మార్కెట్‌కి వెళ్లొచ్చినట్టు. వంట ఖర్చు ఎంత, ఆటో ఖర్చు ఎంత?

దీన్ని పట్టుకుంటే ఆ టాక్‌లో వచ్చే పేర్లన్నీ వరసలోకి వస్తాయి. సిస్టాలిక్ అర్రే అంటారు: ఒకసారి తెచ్చిన అంకెను వదలకుండా పక్క యూనిట్‌కి, అక్కడి నుంచి ఆ పక్కదానికి అందించి పదేపదే వాడుకోవడం. హెచ్‌బీఎం అంటారు: మెమరీని పొరలుగా పేర్చి ప్రాసెసర్ పక్కనే అదే ప్యాకేజీలో కూర్చోబెట్టడం. క్వాంటైజేషన్ అంటారు: 16 బిట్ల అంకెను 8కో 4కో కుదించి మోతబరువు తగ్గించడం. ఇన్-మెమరీ కంప్యూటింగ్ అంటారు: అసలు మోతే లేకుండా మెమరీలోనే లెక్క చేసేయడం. నాలుగు పేర్లు, అడ్డు మాత్రం ఒకటే.

టాక్‌కి ముందురోజు రాత్రి ఈ లెక్క కాగితం మీద వెయ్యి. 700 కోట్ల పారామీటర్లున్న (అంటే అది నేర్చుకుని దాచుకున్న అంకెలు) ఒక భాషా మోడల్ తీసుకో. ఒక్కోటి 16 బిట్లు, అంటే 2 బైట్లు. మొత్తం 14 జీబీ. మామూలుగా అయితే ఇలాంటి మోడల్ ఒక్కో టోకెన్ (ఒక మాట, లేదా మాటలో ముక్క) బయటికి వదలడానికి ఆ 14 జీబీని ఒకసారి మొత్తం చదవాలి. మంచి ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో మెమరీ వేగం సెకనుకు 50 జీబీ అనుకో. 50ని 14తో భాగిస్తే సెకనుకు మూడున్నర టోకెన్లు. ప్రాసెసర్ ఎంత గొప్పదైనా అంతకు మించి రావు. అదే మోడల్‌ని 4 బిట్లకు కుదిస్తే 3.5 జీబీ, సెకనుకు 14 టోకెన్లు. ఎన్‌విడియా హెచ్100లో మెమరీ వేగం సెకనుకు 3.35 టెరాబైట్లు, కాబట్టి 16 బిట్లతోనే సుమారు 240. కాకపోతే ఆ ఒక్క కార్డు 700 వాట్ల దాకా తాగుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే నీ ప్రశ్న కూడా తయారైనట్టే. ‘సార్, మీరు చెప్పిన చిప్‌లో ఖర్చయ్యే కరెంటులో లెక్కలకు ఎంత, డేటా అటూ ఇటూ మోయడానికి ఎంత? చిప్ లోపల మెమరీ ఎంత పెట్టారు, మోడల్ అందులో పట్టకపోతే ఏమవుతుంది?’ ఇది అడిగితే ఎంత పెద్ద ఎక్స్‌పర్ట్ అయినా స్లైడ్ వదిలేసి నీ వైపు తిరుగుతాడు. ఆ పని చేసిన వాడైతే సంతోషంగా పది నిమిషాలు చెబుతాడు. చెయ్యనివాడైతే ‘మంచి ప్రశ్న’ అని దాటేస్తాడు. ఏ సంగతో నీకు తెలిసిపోతుంది.

దూరం గురించి ఒక మాట. గ్రేస్ హాపర్ అని అమెరికన్ నేవీలో రియర్ అడ్మిరల్ హోదా దాకా వెళ్లిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఉండేవారు. ఆవిడ ప్రసంగాలకు వెళ్తే చేతికి ఒక వైరు ముక్క ఇచ్చేవారు, అడుగు కంటే కాస్త తక్కువ, సుమారు 30 సెంటీమీటర్లు. ఒక నానోసెకనులో సిగ్నల్ ఎంత ఆదరాబాదరా పరిగెత్తినా అంతకు మించి వెళ్లలేదు. శాటిలైట్ ద్వారా మాట చేరడానికి అంతసేపెందుకని అడిగే అడ్మిరల్స్‌కి ఆవిడ దీన్నే చూపించేవారట. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక క్లాక్ టిక్ నానోసెకనులో మూడో వంతు, కాంతి కూడా 10 సెంటీమీటర్లే పోగలదు. రాగి తీగలో ఇంకా తక్కువ. ర్యామ్ చిప్‌లు ప్రాసెసర్‌కి అంత దగ్గరగా ఎందుకుంటాయో మదర్‌బోర్డు చూస్తే ఇక నీకు వేరే చెప్పక్కర్లేదు. ఎక్స్‌పర్ట్ టాక్ అంటే నా దృష్టిలో అది. యాభై స్లైడ్లు అక్కర్లేదు, ఒక వైరు ముక్క చాలు.

నువ్వు ఉన్న ఊరు గురించి కూడా ఆలోచించు. ఏ ఊళ్లో అయినా అడగగలిగే ప్రశ్నలు కొన్ని, విశాఖలో కూర్చున్నవాళ్లకే తట్టేవి కొన్ని. ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా సబ్‌మెరీన్ లోపలికి ఒక్కసారైనా వెళ్లే ఉంటావు. నీళ్లలో మునిగిన దానితో రేడియోలో ఎందుకు మాట్లాడలేరు? మీ ఈఎమ్ వేవ్స్ సబ్జెక్టులో స్కిన్ డెప్త్ సూత్రం ఉంది చూడు. సముద్రపు నీటి కండక్టివిటీ మీటరుకు సుమారు 4 సీమెన్స్. 10 కిలోహెర్ట్జ్ దగ్గర వేస్తే స్కిన్ డెప్త్ రెండున్నర మీటర్లు వస్తుంది. అంటే ప్రతి రెండున్నర మీటర్లకు సిగ్నల్ మూడో వంతుకు పడిపోతుంది. వైఫై ఫ్రీక్వెన్సీల్లో అయితే సెంటీమీటర్లలోనే ఆరిపోతుంది. అందుకే నీళ్లలో శబ్దమే దిక్కు. శబ్దం సెకనుకు 1,500 మీటర్లు పోతుంది. కిలోమీటరున్నర అవతల ఉన్నవాడికి ‘హలో’ చేరడానికే ఒక సెకను. ఐవోటీ (వస్తువులన్నిటినీ నెట్‌కి కలపడం) మీద మాట్లాడడానికి వచ్చినాయన ‘ఇక అన్నీ కనెక్ట్ అయిపోతాయి’ అన్నప్పుడు, సముద్రం లోపల సంగతేమిటని అడగడానికి ఎన్ఎస్‌టీఎల్ ఉన్న ఊళ్లో పిల్లలకు పూర్తి హక్కుంది. 1969 నుంచి ఆ ల్యాబ్ నీటి లోపలి ఆయుధాల మీదే పనిచేస్తోంది.

ఉప్పుగాలి ఇంకోటి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో ఏసీ బయటి యూనిట్ రెండు మూడేళ్లకే ఎలా తయారవుతుందో మీ నాన్నగారిని అడుగు. సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతలు పచ్చబడతాయి, కనెక్టర్ పిన్నులు తినేసి ఉంటాయి. తేమ పట్టిన ఉప్పు రెండు గీతల మధ్య కరెంటు కారేలా చేస్తుంది. సెన్సర్ల మీద టాక్‌లో ఎవరైనా ‘తక్కువ ఖర్చు, పదేళ్ల బ్యాటరీ’ అంటే, ‘దీన్ని భీమిలి ఒడ్డున స్తంభానికి కడితే ఎన్నాళ్లుంటుంది సార్? పైన కన్ఫార్మల్ కోటింగ్ వేశారా?’ అని అడుగు (బోర్డుకు తేమ తగలకుండా వేసే పూత అది). ఏసీ గదిలో పరీక్షించినవాళ్లకు అక్కడ మాట తడబడుతుంది.

డేటా సెంటర్ల గురించి మన ఊళ్లో ఇప్పుడు ప్రతివాళ్లూ మాట్లాడుతున్నారు. విశాఖలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది, గిగావాట్ స్థాయి అని. గిగావాట్ అంటే ఎంత? పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక గిగావాట్ అందులో సగం. గంటకు 10 లక్షల యూనిట్లు. లోపలికి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. అంతా నీటి ఆవిరితోనే చల్లబరిస్తే గంటకు 15 లక్షల లీటర్లు. నిజానికి ఎవరూ అంతా అలా చెయ్యరు, గాలితోనూ, మూసిన పైపుల్లో తిరిగే ద్రవాలతోనూ కలిపి చేస్తారు. ఎంత దేనితో అన్నదే ప్రశ్న. క్లౌడ్ మీద టాక్ ఇవ్వడానికి ఎవరొచ్చినా ఇది అడగాల్సిన ప్రశ్న, అందులో రాజకీయం ఏమీ లేదు, ఉన్నదంతా థర్మోడైనమిక్స్.

క్వాంటమ్ గురించి ఎక్కువ చెప్పను. అమరావతికి 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లోని బిట్లు) ఐబీఎం యంత్రం తెస్తామన్న ప్రకటన తర్వాత మన దగ్గర క్వాంటమ్ టాక్ పెట్టని కాలేజీ తక్కువ. అక్కడ అడ్డు తప్పులు. క్యూబిట్లు ఎన్ని అని అడగొద్దు, లాజికల్ క్యూబిట్లు (తప్పులు సరిదిద్దుకునేలా చాలా క్యూబిట్లు కలిపి చేసేవి) ఎన్ని అని అడుగు. గూగుల్ 2024 డిసెంబరులో చూపించిన విల్లో చిప్‌లో 101 భౌతిక క్యూబిట్లు కలిసి ఒకే ఒక్క లాజికల్ క్యూబిట్‌ని నిలబెట్టాయి. ఆ ఒక్కటి నిలబడటమే పెద్ద విజయం, అందులో సందేహం లేదు. కానీ ‘వచ్చే ఏడాది బ్యాంకు పాస్‌వర్డులన్నీ పగిలిపోతాయి’ అనే స్లైడ్ కనిపిస్తే ఈ అంకె గుర్తుచేసుకో.

చిన్న ట్రాన్సిస్టరే గొప్ప అనుకునేవాళ్లకు ఒక మందు ఉంది. 2025 సెప్టెంబరులో మన దేశం బయటపెట్టిన విక్రమ్ 3201 ప్రాసెసర్ 180 నానోమీటర్లది, మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో చేసింది. ఫోన్ చిప్‌లు 3 నానోమీటర్లకు చేరిన రోజుల్లో 180 ఏమిటని నవ్వినవాళ్లున్నారు. అది రాకెట్‌లో పనిచేయాలి, మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా తట్టుకోవాలి. అక్కడ అడ్డు వేగం కాదు. కైలాసగిరి మీది వాతావరణ రాడార్ 10 సెంటీమీటర్ల తరంగాలు వాడటానికీ ఇలాంటి కారణమే: తరంగం ఇంకా పొట్టిదైతే తుఫాను వాన దాన్ని మధ్యలోనే మింగేస్తుంది, వెనక ఏముందో కనబడదు.

ఇక నోట్సు. స్లైడ్లు కాపీ చెయ్యకు, ఫొటోలు తియ్యకు, అవి మళ్లీ ఎవరూ చూడరు. అంకెలు మాత్రమే రాయి, యూనిట్లతో. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టు. ‘40 శాతం మెరుగు’ అంటే దేనికంటే? పోయినేడాది చిప్ కంటేనా, పదేళ్ల కిందటి దానికంటేనా? చిప్ నిజంగా తయారై చేతిలో ఉందా, లేక సిమ్యులేషన్ గ్రాఫేనా? మన కాలేజీల్లో వినిపించే ‘మెరుగు’లో ఎక్కువ భాగం సిమ్యులేషన్‌లోనిదే. అది తప్పేమీ కాదు, చెప్పకపోతేనే తప్పు. ‘99 శాతం యాక్యురసీ’ అన్నచోట మరీ జాగ్రత్త. ఉక్కు రేకుల్లో పగుళ్లు కనిపెట్టే ఏఐ అనుకో, వందకు ఒక రేకే పగిలి ఉంటుంది. ఏమీ చూడకుండా ‘అన్నీ బాగున్నాయి’ అని చెప్పే ప్రోగ్రామ్‌కి కూడా 99 శాతం వస్తుంది. పగిలినవాటిలో ఎన్ని పట్టుకుందని అడగాలి.

టాక్‌కి ముందు అరగంట చాలు. వచ్చేవాళ్ల పేరు వెతికి, ఈ మధ్య రాసిన ఒక పేపర్ సారాంశం చదువు. అందులో తెలియని మాటలు మూడు రాసుకుని, నీ సిలబస్‌లో వాటికి చుట్టం ఎక్కడుందో చూడు. ఎన్‌పీటీఈఎల్‌లో దొరికితే ఒక వీడియో చాలు. అన్నీ అర్థం చేసుకుని వెళ్లాలనుకుంటే ఎప్పటికీ వెళ్లవు.

ఇంగ్లీషు గురించి నువ్వు నేరుగా అడగలేదు కానీ ‘తెలుగు మీడియం’ అని రాసిన చోటే అర్థమైంది. ప్రశ్నని రెండు వాక్యాల్లో కాగితం మీద రాసుకో, మైకులో చూసి చదివెయ్. ఎవరూ తప్పు పట్టరు. మధ్యలో మాట దొరక్కపోతే తెలుగులో పూర్తిచెయ్. వచ్చిన ఎక్స్‌పర్ట్ బెంగళూరు నుంచి వచ్చినా పుట్టింది పలాసలోనో పార్వతీపురంలోనో అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. అక్కడా ధైర్యం చాలకపోతే టీ దగ్గర అడుగు. అసలు మంచి జవాబులు సమోసాలు తినేటప్పుడే వస్తాయి, హెచ్‌ఓడీ గారు వినడం లేదు కాబట్టి.

వోట్ ఆఫ్ థ్యాంక్స్ రెండు నిమిషాలు దాటనివ్వకు. ‘ఎన్నో విలువైన విషయాలు తెలియజేసిన’ లాంటివి వద్దు. ఆయన చెప్పిన అంకెల్లో ఒక్కటి ఎంచుకుని, ‘ఈ సంగతి మాకు ఇవాళే తెలిసింది సార్’ అని చెప్పు చాలు. మైకు, ప్రొజెక్టర్ చూసుకున్న ల్యాబ్ అసిస్టెంట్ పేరు కూడా చదువు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కోడింగ్ రాకపోతే మొదటి రౌండే దాటవు, ఈసీఈ అయినా సరే. జావా నేర్చుకో. ఆదివారం బ్యాచ్‌లు కూడా ఉంటాయి, శనివారం మధ్యాహ్నమే కావాలని లేదు. నెలకు నాలుగు టాక్‌లు వచ్చినా నువ్వు తయారై వినాల్సింది ఒకటి చాలు. మిగతావాటికి అటెండెన్స్ ఇచ్చి వెనక బెంచీలో జావా లెక్కలు చేసుకున్నా నేనేమీ అనను.

కాకపోతే ఒక సంగతి నువ్వు గమనించలేదు. మీ ఇంట్లోనే ఒక ఎక్స్‌పర్ట్ ఉన్నారు. షాపుకెళ్లి పాడైన ఇన్వర్టర్ బోర్డు ఒకటి అడిగి తీసుకో. కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటాయి చూడు. వాటి మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది, చౌకరకం అయితే ఆయుష్షు 2,000 గంటలు. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని ఒక మోటు లెక్క ఉంది. డబ్బా లోపల 65 డిగ్రీలుంటే నాలుగుసార్లు రెట్టింపు, అంటే 32,000 గంటలు, నిరంతరాయంగా నడిస్తే మూడున్నరేళ్ల పైచిలుకు. వేసవిలో గాలాడని మూలన పెట్టి 75కి చేరితే అందులో సగమే. ‘రెండేళ్లకే పోయింది’ అని కస్టమర్ గొడవపడేది ఈ లెక్క మీదే.

అదే షాపులో పాత ఐరన్ కోర్ అడాప్టర్ ఒకటి, ఇప్పటి గాన్ (గాలియం నైట్రైడ్) చార్జర్ ఒకటి చేతిలో పెట్టుకుని బరువు చూడు. పాతదానిలో ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది, అందుకే అంత ఇనుము. మామూలు ఎస్ఎంపీఎస్‌లో (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసి మార్చే పవర్ సప్లయ్) ఆ పని లక్ష హెర్ట్జ్ దరిదాపుల్లో జరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బొటనవేలంతకు దిగిపోయింది. ఇంకా పైకి పోదామంటే సిలికాన్ స్విచ్ ఆన్, ఆఫ్ అయ్యే ప్రతిసారీ వేడెక్కుతుంది. అక్కడ గాలియం నైట్రైడ్ వచ్చింది. దాని బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడివడి కదలడానికి కావాల్సిన శక్తి) 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌ది 1.1. వేగంగా స్విచ్ అయినా నష్టం తక్కువ. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఇటీవలి మార్పుల మీద ఎవరైనా గంటసేపు చెప్పేది ఆ రెండు డబ్బాల మధ్యనే ఉంది.

మీ హెచ్‌ఓడీ గారిని అడిగి చూడు, ఒక శనివారం మీ నాన్నగారిని పిలుస్తారేమో. ఏ బ్రాండులో ఏ భాగం ముందు పోతుందో, ఎందుకు పోతుందో పాడైన బోర్డులు నాలుగు బల్ల మీద పెట్టి తెలుగులో చెబితే, ఆ రోజు ఎవరూ ఫోన్ తియ్యరని నా నమ్మకం. ఆయనకీ ఆ టాక్‌ల మీద అభిప్రాయం మారొచ్చు. ఒప్పుకోకపోతే మాత్రం బలవంతపెట్టకు, శనివారం షాపు మూస్తే బేరం పోతుంది.